పది దాకా ఎక్కి దిగిన సంఖ్య

మెటియాబ్రుజ్‌లో మా అప్ప, అంటే అక్క, కుట్టుగదిలో అడుగుపెడితే ఇస్త్రీ పెట్టె కింద వేడెక్కిన కొత్త గుడ్డ వాసన, దాని వెనకే దర్జీ సుద్ద పొడి వాసన వస్తాయి. ఆ సుద్ద వాసనకే నా ప్రాణం ఉసూరుమంటుంది.

నాన్న అక్కడి రేవులో క్రేను నడిపేవాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకుంటే ఓడల కూతలకి కదలని మనిషి మా గుసగుసలకి లేచి కూర్చునేవాడు. అందుకని ఎండాకాలం మధ్యాహ్నాల్లో, తడిపిన గోనెపట్టా కిటికీకి వేలాడుతుంటే, మా నోళ్ళు మూయించడానికి గచ్చు మీద సుద్దతో ఒక లెక్క పడేసేవాడు. ఒకటి నుంచి పైకి ఎక్కి మళ్ళీ ఒకటికి దిగే సంఖ్య అది, శేషం లేకుండా దాన్ని భాగించేదేదో మేం వెతకాలి. 121కి పదకొండు, 12321కి నూట పదకొండు. తొమ్మిది దాకా ఎక్కి దిగినా అంతేనని, తొమ్మిది ఒకట్లు వరసగా పేర్చి దాన్ని దానితోనే హెచ్చిస్తే చాలని అప్ప కనిపెట్టేసింది. నేను పక్కన కూర్చుని తాటిముంజలు జుర్రుకునేవాణ్ణి.

పదో తరగతి పాసై, కాలేజీలో లెక్కలే చదువుతానని అప్ప పట్టుబట్టిన ఏడు, నాన్న పది దాకా ఎక్కించాడు: 12345678910987654321. క్రిస్మస్ లోపల దీన్ని భాగించేది చూపిస్తే వచ్చే ఏడు చేర్పిస్తాను, లేదంటే కుట్టుపని నేర్చుకోమన్నాడు. అంత పొడుగు సంఖ్యకి భాగించేది లేకుండా ఎలా పోతుందని ఆయన ధీమా. జవాబు ఆయనకీ తెలియదని మాకు తెలియదు.

చివర ఒకటి ఉంది కనక రెండూ అయిదూ పనికిరావు, అంకెలన్నీ కూడితే తొంభై ఒకటి కనక మూడూ పనికిరాదు. ఏడు, పదకొండు, పదమూడు అంటూ అప్ప గచ్చంతా నింపి తుడిచి మళ్ళీ నింపింది. సందులో మోకాలి లోతు వాననీళ్ళు నిలిచి ఇంకిపోయాయి, పూజ పందిళ్ళ డప్పులు మోగి ఆగిపోయాయి, అమ్మ గులాబీ పువ్వుల అచ్చు నూనెలో ముంచే రోజులొచ్చాయి. అప్ప వేళ్ళు సుద్దకి పగిలిపోయాయి.

క్రిస్మస్ పొద్దున గుడిలో ప్రార్థన ముగించుకుని రాగానే నాన్న అడిగాడు. "ఏటే, దొరికిందా?"

"దీన్ని ఏదీ భాగించదు నాన్నా. ఇది పెధాన సంఖ్యే."

"సేతకాక అలగంటన్నావు."

అమ్మ గులాబీ పువ్వులు పెట్టింది. ఆ పూట అప్ప ఒక్కటి కూడా ముట్టలేదు. కొత్త సంవత్సరం రాగానే కుట్టుపనికి వెళ్ళింది.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ గచ్చు మీద ఇప్పుడు పలకరాళ్ళు పరిచారు. మొన్న అప్ప దగ్గర కూర్చుని, ఊరికే తోచక, ఆ సంఖ్యని ఫోనులో కొట్టాను. రెప్పపాటులో జవాబొచ్చింది: ప్రధాన సంఖ్య. ఒకటీ, అదే తప్ప ఇంకేదీ దాన్ని భాగించదు.

చదివి వినిపించాను. అప్ప తల ఎత్తలేదు. గుడ్డ మీద గీస్తున్న సుద్ద మాత్రం ఆగింది.

"ఇంకోపాలి సదువు," అంది. "కాస్త గట్టిగా."