ఊడదీయని శంఖపు గాజు

పంతొమ్మిది వందల అరవైల్లో, దుర్గ్ అవతల ఒక పల్లె పక్క బీడులో పాతకాలపు రాతి సమాధులు తవ్వే బృందంలో నాకు బొమ్మలు గీసే పని దొరికింది. బయటపడ్డ ప్రతి ఎముకనీ ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కించాలి. అన్నయ్య భిలాయి ప్లాంటులో ఇంజనీరు. వాడి క్వార్టర్లోనే అమ్మా నేనూ ఉండేవాళ్లం.

నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. పదో రోజున విజయనగరం నుంచి చుట్టాలు రైలెక్కి వచ్చి మరీ అమ్మ గాజులు పగలగొట్టి వెళ్లారు. వాళ్ల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆనాటి నుంచి గాజులమ్మే ఆవిడ వీధిలో "చూడీ లే లో" అని కేకేస్తే చాలు, అమ్మ వట్టి మణికట్టు రుద్దుకుంటూ లోపలి గదిలోకి వెళ్లిపోయేది.

ఒక ఆదివారం భోజనాల బల్ల మీద ఒక బొమ్మకి ఇంకు దిద్దుతున్నాను.

"ఏటే ఇది? తిండి తినే బల్ల మీద ఎముకలేటి?" అంది అమ్మ. అంటూనే వంగి చూసింది. "ఎవరీవిడ?"

తెలిసింది చెప్పాను. వయసు మళ్లిన మనిషి. ఎడమ చేతికి శంఖపు గాజు. సముద్రం ఇక్కడికి ఎంతో దూరం కాబట్టి గాజైనా అటునుంచి వచ్చి ఉండాలి, ఆవిడైనా వచ్చి ఉండాలి. పూడ్చిన తీరు మాత్రం ఇక్కడి వాళ్లదే.

"మన వేపు మనిషే అయ్యుంటాది," అని అమ్మ తేల్చేసింది. "పక్కనున్నది?"

"మగమనిషి. ముందే పోయాడు. ఆయన ఎముకలు ఓ వారకి జరిపి ఈవిడకి చోటు చేశారు. మొగుడే కావచ్చు."

"మరి గాజు?"

"చిన్నప్పుడు తొడిగింది. పెరిగిన చెయ్యి అందులో పట్టదు. అంటే మళ్లీ తియ్యలేదు."

"ఆయన పోయాక కూడా తియ్యలేదేటి?"

"తియ్యలేదు. కానీ ఒక్క సమాధిని చూసి వాళ్ల ఆచారం ఇదీ అని చెప్పలేమమ్మా. ఇంకా చాలా తవ్వాలి."

అమ్మ కంచాలు పెట్టాలంటూ బల్ల ఖాళీ చెయ్యమంది.

ఆ వారంలోనే గాజులావిడ కేక వినిపించింది. అమ్మ లోపలికి పోలేదు. "ఇధర్ ఆవో దీదీ," అని పిలిచి, వరండా మెట్టు మీద కూర్చుని చెయ్యి చాచింది. ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కుతుంటే నాకు కడుపు నిండినట్టయింది. అన్నయ్య ఏమంటాడోనని భయమూ వేసింది.

అమ్మ తలెత్తి నన్ను చూసింది.

"నీకు చాలకపోతే ఇంకా తవ్వుకోవే. నాకా ముసిల్ది ఒకర్తి చాలు."