పాలిషు మిషను కోసం గుంటూరు ప్రయాణం

ఎనభై ఆరు ఎండాకాలంలో నేను చేసిన ప్రయాణం చిన్నదే. పొద్దున నడికుడిలో బండెక్కి గుంటూరు వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం. అయినా కాశీ వెళ్లొచ్చినవాళ్లు కూడా నా అంత గొప్పలు చెప్పుకుని ఉండరు.

మా అక్క సాంబ్రాజ్యం, బావ దాచేపల్లి దగ్గర నాపరాళ్ల క్వారీ నడుపుతారు. తీసిన రాయిని తీసినట్టే లారీకెత్తి అమ్మడం అక్కడి అలవాటు. ఆ రాయే ఎక్కడో నునుపు తేలి, ధర పెంచుకుని, మళ్లీ మా ఊళ్లకే వచ్చేది. పాలిషు మిషను మనమే పెడదామని అక్క పట్టుబట్టింది. పొలం ఆమె పేర ఉంది కనుక బ్యాంకు అప్పుకు దరఖాస్తూ ఆమే పెట్టింది. చిక్కల్లా గుంటూరు ఆఫీసరుతోనే. ఆయనకు తెలుగు రాదు, అక్క చదువు ఎనిమిదో తరగతి. నరసరావుపేట కాలేజీలో కామర్సు చెప్పే నన్ను అందుకే పిలిపించింది. ఈసారి అప్పు రాకపోతే ఇంట్లో మిషను మాట ఇంకెవరూ ఎత్తనివ్వరని ఆమెకు తెలుసు.

ఇద్దరమే వెళ్తామనుకున్నాను. స్టేషనుకు వెళ్లి చూస్తే, బావగారి చిన్నాన్న సుబ్బయ్యగారు ఖద్దరు మడతలు సర్దుకుంటూ నిలబడి ఉన్నారు. ఆయన వెనక తాపీమేస్త్రీలు, లారీల వాళ్లు, రాళ్ల వ్యాపారులు, పెళ్లికి తరలినట్టు.

"ఇంతమందెందుకు బాబాయ్?" అన్నాను.

"కోర్టుకైనా సంబంధానికైనా ఒంటిగా పోయే వంశమా మనది? ఎనక మంది ఉంటేనే మాట చెల్లుద్ది," అని అందరి టికెట్లూ ఆయనే తీశారు.

మీటరు గేజి బండి ఏడు దాటాక కదిలింది. కిటికీ సీటు కావాలంటే కాస్త ముందే రావడం మంచిది. పిడుగురాళ్ల వచ్చేలోపు పాఠం మొదలుపెట్టాను. క్వారీలోంచి వచ్చిన రాయి రా మెటీరియల్, దానికి నునుపు తెస్తే వాల్యూ అడిషన్, మన దగ్గర ఎవరూ చేయని పని మొదలుపెట్టడం ఇన్నోవేషన్. అక్క పెదాలు కదుపుతూ నేర్చుకుంటోంది. పిడుగురాళ్లలో ఎక్కిన సున్నపు బట్టీ ఆసామి చెవి ఇటే పెట్టాడు.

"వర్కింగ్ క్యాపిటలంటే ఏంది బాబూ?"

"సరుకు అమ్ముడయ్యేదాకా కూలీకీ బొగ్గుకీ చేతిలో ఆడే డబ్బు."

"ఓస్, అదా! అది లేకనే గదా నా బట్టీ చల్లారింది," అని సత్తెనపల్లి దాకా నన్ను వదల్లేదు.

గుంటూరులో దిగి, స్టేషను ఎదురు హోటల్లో ఇడ్లీ తిన్నాం. కారప్పొడి అదిరింది, అటు వెళ్లేవాళ్లు తప్పక తినండి. రిక్షాలు బారులు తీరి బ్యాంకు ముందు ఆగాయి. మమ్మల్ని చూడగానే వాచ్‌మన్ గేటు మూసేశాడు. రుణమాఫీ ధర్నాకు వచ్చామనుకున్నారట! గుంపుతో వస్తే ఆఫీసరు ఎవర్నీ కలవడని లోపలి నుంచి కబురు. అందర్నీ కాస్త అవతలికి వెళ్లమని బతిమాలాను. సుబ్బయ్యగారికి కోపం ముంచుకొచ్చింది.

"నీ అక్క పరువు కోసం వస్తే మమ్మల్నే పొమ్మంటావేందిరా?"

ఇంతలో గొడవేమిటో చూద్దామని ఆఫీసరే వరండాలోకి వచ్చాడు. నేను ఇంగ్లీషు మాటలు కూడగట్టుకునేలోపే అక్క కొంగు బిగించుకుని గేటు ఊచలు పట్టుకుంది.

"సార్, నో ధర్నా. దిస్ ఈజ్ మై మార్కెట్! మేస్త్రీ బైయింగ్, లారీ బైయింగ్. ఆల్ వాంట్ పాలిష్ స్టోన్."

ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, పకపకా నవ్వి, గేటు తీయించాడు. మేస్త్రీలను పిలిచి పాలిషు రాయి ఎక్కడ కొంటున్నారని అడిగాడు. వాళ్లు తెలుగులో చెబుతుంటే అక్క ఇంగ్లీషులో అందించింది. డిమాండ్, ట్రాన్స్‌పోర్ట్ కాస్ట్, మార్జిన్ ఒక్కొక్కటే ఆమె నోట ధీమాగా దిగుతున్నాయి. నాకు ఒళ్లు పులకరించింది. ఏ క్లాసులోనూ నాకు అంత గర్వం కలగలేదు. మిషను పాడైతే ఏం చేస్తావని చివరగా అడిగాడాయన.

"రా స్టోన్ ఆల్సో సెల్లింగ్ సార్. ఓల్డ్ మార్కెట్ నో క్లోజ్."

అది నేను నేర్పింది కాదు. అప్పు ఇస్తాననీ, వచ్చే వారం చోటు చూడటానికి వస్తాననీ, ఈలోపు షెడ్డుకు పునాది తీయించుకోమనీ ఆఫీసరు చెప్పాడు.

మెస్సులో కడుపునిండా భోంచేసి సాయంత్రం బండెక్కాం. అక్క కిటికీ పక్కన కూర్చుని దారిలో కనబడ్డ ప్రతి కొత్త ఇంటినీ, అందులో ఏ రాయి పరుస్తారో చూస్తున్నట్టు చూసింది. మంది ఎందుకని విసుక్కున్న నేను, ఆ మందిలో ఒకడినైనందుకు మురిసిపోయాను. పల్నాటి మనుషులు వెంట నిలబడితే ఎంత ధైర్యమో ఈ ప్రయాణంలో నాకు తెలిసింది.

సత్తెనపల్లిలో ఎక్కిన పెద్దమనిషొకాయన సుబ్బయ్యగారిని పలకరించి, అక్క వైపు చూశాడు.

"ఈ అమ్మాయి ఎవరి తాలూకండీ?"

ఫలానా వాడి భార్య, ఫలానా వారి కోడలు అని చెప్పడం మా వైపు మర్యాద. సుబ్బయ్యగారు తలపాగా సర్దుకున్నారు.

"ఎవరి తాలూకూ కాదయ్యా. ఈ పెట్టెలో ఉన్నోళ్లమంతా ఆమె తాలూకు."