గుండీలు మరిచిన టైలరు

మొన్న బొంగులూరు దగ్గర ఫంక్షన్ హాల్లో మా అక్క మనవడి పెళ్ళి. ఆడపెళ్ళివారి తరఫున వచ్చిన ఒక పెద్దమనిషిని చూడగానే నాకు ఒళ్ళు మండింది. తన మణికట్టు మీద, అంగీ చేతులకు గుండీల బదులు పెట్టుకునే కఫ్‌లింకులు మెరిపిస్తూ, పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని, "గట్ల కాదు తమ్మీ. కఫ్‌ను ఎనక్కి మడిచి, రెండంచులు ఎదురెదురుగ కలపాలె. నాలుగు కాజాల్లకెల్లి లింకు పోవాలె" అని పాఠం చెబుతున్నాడు. సరిగ్గా ఆ పాఠమే ఒకప్పుడు మా బావ చెప్పబోతే వినకుండా పోయిన మనిషి!

బావది ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక టైలరు కొట్టు. కాజాలు, గుండీలు నా పని. నోట్లో సూదులున్నాయన్న నెపంతో బావ అక్కకు కూడా జవాబు చెప్పేవాడు కాదు. తెలంగాణ వచ్చిన కొత్తలో, భూమి వెంచరుకు అమ్మిన ఈ పెద్దమనిషి కొత్త కారు దిగి, ఫోనులో ఒక అంగీ ఫొటో చూపించి, "అచ్చం గిట్లనే ఉండాలె" అన్నాడు. బావ ఆ ఫొటోను పూటంతా చూశాడు. చేతికొసన రెండింతల పొడవు పెట్టి, వెనక్కి మడిచి, ఒక్కో చేతికి నాలుగేసి కాజాలకు గీత గీసిచ్చాడు. అవి ఒకే సూటిలో లేకపోతే లింకు దూరదట. నా చేత రెండుసార్లు విప్పించాడు. హయత్‌నగర్ దాకా తిరిగినా లింకులు దొరక్కపోతే, రెండేసి గుండీలను మధ్యలో దారం చుట్టి జతకట్టి తనే చేశాడు.

పెద్దమనిషి దోస్తులతో వచ్చాడు. అంగీ ఎత్తి చూసి, "గుండీలేవి?" అన్నాడు. బావ జతలు చేతిలో పెడితే, "గివి ఊడిపోయిన గుండీలా? దారం గూడ అట్లనే ఉన్నది!" అన్నాడు. అందరూ నవ్వారు.

"జర చెయ్యియ్యి అన్నా, పెట్టి చూపిస్త" అని బావ బతిమాలాడు. ఇవ్వలేదు. "మర్చిపోయి కథలు చెప్తున్నవా? రేపటికల్ల కుట్టి పెట్టు" అంటూ అంగీ నా ఒళ్ళో పడేసి పోయాడు. నేను కుట్టనన్నాను. నలభై దాటిన నన్ను, "కుట్టు పిల్లా, పోనియ్" అన్నాడు బావ. కుట్టాను. ఆ మడత మీద గుండీ ఎంత దరిద్రంగా ఉందో! అప్పటినుంచి బజార్లో బావ "గుండీలు మరిచిన టైలరు" అయిపోయాడు. మళ్ళీ ఆ రకం కఫ్ ఎప్పుడూ కత్తిరించలేదు. అంత మెత్తగా ఎందుకున్నాడని బావ మీద కూడా నాకు ఇప్పటికీ కోపమే.

మొన్న పాఠం అయ్యేదాకా ఆగి, దగ్గరికెళ్ళి అడిగాను: "గుండీలు మరిచిన టైలరు యాదికున్నడా అన్నా?"

ఆయన తన మణికట్టు వంక చూసుకున్నాడు. "అవ్... గప్పుడు నాకు తెల్వకపాయె. మస్తు కుట్టేటోడు. ఏడున్నడిప్పుడు?"

"పోయినేడే పోయిండు. నువ్వు చెయ్యి పట్టుకున్న పిల్లగాని తాతే."

ఆయన ఏదో అనబోయాడు. నేను నిలబడలేదు. ఆ ఎనిమిది కాజాలు కుట్టడానికి నాకు ఒక రోజు పట్టింది. అవి ఎందుకో తెలియడానికి ఆయనకు పదేళ్ళు పట్టింది. బావ తొమ్మిదేళ్ళే బతికాడు.