నెగడు ఆర్పిన బాబాయి

టూరు బస్సులో అందరూ ఆయన్ని ఫైరింజన్ బాబాయి అనే పిలిచేవారు. ముప్పై ఏళ్ళు ఫైర్‌స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషికి అంతకన్నా తగిన పేరు ఏముంటుంది? ఏ హోటల్లో దిగినా, బయటికి దారులెన్నో లెక్కచూసుకున్నాకే ఆయన మంచమెక్కేవాడు. గోడకున్న ఎర్ర సిలిండర్‌కి గడువు దాటిపోయిందని ఒక మేనేజరుకి క్లాసు కూడా పీకాడు.

ఈ ప్రయాణం పిన్ని పట్టుబట్టి పెట్టించింది. బస్సెక్కేముందు ఒకే ఒక్క షరతు పెట్టింది. సముద్రపు ఒడ్డున నెగడు వేసే సాయంత్రం ఆయన లేవకుండా తన పక్కన కూర్చోవాలి. లేచాడో, వచ్చే ఏడాది నుంచి ఆవిడ ఒక్కతే తిరుగుతుంది. పిన్ని అన్నదంటే చేసే మనిషి. బాబాయి గుండెల్లో రాయి పడింది.

ఆ సాయంత్రం రానే వచ్చింది. గైడు ఎండుకట్టెలు పేర్చి అంటించాడు. ఇద్దరు నర్సులు పాట ఎత్తుకున్నారు. లెక్కల పంతులుగారు తాళం వేస్తూ ప్రతిసారీ ఒక దెబ్బ ఎక్కువేస్తున్నారు. బాబాయి మాత్రం గాలి ఎటు వీస్తోందో చూస్తున్నాడు. కూర్చున్నచోటి నుంచే కాలితో ఎవరివో చెప్పులు మంటకి దూరంగా నెట్టాడు. కాళ్ళు కడుక్కోవడానికి పెట్టిన నీళ్ళ బకెట్టుని మెల్లగా తన మోకాలి దగ్గరికి లాక్కున్నాడు. లేవలేదు కాబట్టి షరతు తప్పినట్టు కాదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

అంతలో ఒక నిప్పురవ్వ ఎగిరి పంతులుగారి శాలువా మీద పడింది. ఆయన దాన్ని చేత్తో దులిపేసుకున్నారు కూడా. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఉద్యోగంతో వచ్చింది పెన్షనుతో పోతుందా? బాబాయి ఒక్క ఉదుటున లేచి, బకెట్టు ఎత్తి నెగడు మీద గుమ్మరించాడు. మంట బుస్సుమని ఆరింది. పాట ఆగిపోయింది. పిన్ని మొహం ఎలా ఉందో ఆయనకి చూడకుండానే తెలిసింది.

నేనే మళ్ళీ అంటిస్తానని కూర్చున్నాడు పాపం. గైడు కొత్త కట్టెలు తెచ్చిచ్చాడు. ఆరు అగ్గిపుల్లలు గీసినా అంటుకోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కట్టెలే మంచివి కావన్నాడు. అసలు సంగతేమిటంటే, ఆర్పడమే తప్ప అంటించడం ఆయన జన్మలో నేర్చుకోలేదు.

పిన్ని వచ్చి పక్కన చతికిలబడింది. అడుగున సన్నపుల్లలు పేర్చి, గాలికి కాస్త సందు వదిలి, ఒక్క అగ్గిపుల్లతో ముట్టించింది.

"మాట తప్పాను. వచ్చే ఏడు నువ్వొక్కదానివే వెళ్ళు" అన్నాడు బాబాయి తల వంచుకుని.

"స్టేషన్లో గంట మోగగానే మీరు వెళ్ళిపోయేవారు. నేను గుమ్మంలో కూర్చునేదాన్ని" అంది పిన్ని. "మీరు మంట దగ్గరుండగా ఒక్కసారైనా మీ పక్కన ఉండాలనిపించింది. అంతే."

ముప్పై ఏళ్ళలో ఆ గుమ్మం సంగతి తను ఒక్కసారీ అడగలేదని బాబాయికి అప్పుడు తట్టింది. సిగ్గేసింది.

"కూర్చుని ఏం చేసేదానివి?"

"ఏముంది, మీరొచ్చేసరికి స్నానానికి వేడినీళ్ళు ఉండాలని పొయ్యి ముట్టించేదాన్ని. చల్లారితే మళ్ళీ ముట్టించేదాన్ని. ఒక్కోరోజు నాలుగైదుసార్లు."

ఆ తర్వాత పిన్ని లెమ్మనేదాకా బాబాయి లేవలేదు.