చెవిలో చుట్టపొగ

మా కుక్క చెవులు కడగడం నా పని. ఇంట్లో ఇంకెవరికీ అంత ఓపిక లేదు, సలహాలకి మాత్రం కొదవ లేదు. వానలు పడితే చాలు, దాని చెవుల్లో నల్లటి గులిమి, పులిసిన కంపు. నాలుగు చుక్కలు మందు వేసి, చెవి మొదలు మెల్లగా పిసుకుతాను. అది తల విదిలించుకున్నాక వేలికి దూది చుట్టి పైపైన తుడుస్తాను. నేను పొద్దున్నే వరండాలో కూర్చుంటే తనే వచ్చి, నొప్పి చెవి పైకి వచ్చేలా నా ఒళ్లో తల పెట్టేది.

ఆ వారం చెవి లోపల పుండయింది. సరిగ్గా అప్పుడే భావనపాడు నుంచి మా వదిన దిగింది. మా ఆయనకి అక్క. చేపల బేరంలో ఆవిడ నోటికి ఎదురు లేదు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది. అడ్డపొగ అంటారు మా వైపు.

నేను మందు వేస్తుంటే మూతి తిప్పింది.

"ఏటే ఆ నీళ్లు? సెవిపోటుకి సుట్టపొగ కంటే మందేటి ఉన్నాది? మా పిల్లలందరికీ నేనే ఊదినాను."

"నీకు దండం పెడతాను వదినా, దాని జోలికి పోకు," అన్నాను.

చెప్తే వింటే ఆవిడ మా వదిన ఎందుకవుతుంది? నేను బజారుకి వెళ్లి వచ్చేసరికి ఇల్లంతా గోల. మా ఆయన కుక్కని కాళ్ల మధ్య అదిమి పట్టుకున్నాడట. ఆవిడ చుట్ట బయటి కొసని పుండు చెవిలో దోపి, బుగ్గలు పూరించి పొగ ఊదిందట. అది ఆవిడ చెయ్యి కరిచి మంచం కింద దూరింది. కరవదా మరి! నేనైతే వేలు ఊడేలా కరిచేదాన్ని.

మా ఆయన అప్పటికే ఆటో పిలిచేశాడు. "మా అప్పనే కరుస్తాదా? దీన్ని పాతపట్నం అవతల ఒగ్గీసి వస్తాను."

ఎంత పిలిచినా అది మంచం కిందనుంచి రాలేదు. చివరికి నా వైపు తిరిగాడు. "నువ్వు పిలు. నీ మాటైతే వింటాది."

నా ఒళ్లు భగ్గుమంది. దాన్ని పారేసి రావడానికి నా గొంతు కావాలా ఈ పెద్దమనిషికి!

పిలిచాను. తల ఒక పక్కకి వాల్చి, వణుక్కుంటూ వచ్చింది. ఎత్తుకుని ఆటో ఎక్కి, "పశువుల ఆస్పత్రికి పోనీ తమ్ముడూ," అన్నాను.

"ఏటే, నీకు మతిపోనాదా? అప్ప సెయ్యి సూడు, రగతం!"

"సూసినాను. నువ్వు అప్పని తీసుకెళ్లి సూది ఏయించు. మిమ్మల్ని కరిసిందని దాన్ని ఒగ్గీస్తానంతన్నావు. దాన్ని అంత ఇదిగా ఏడిపించినందుకు మీ ఇద్దర్నీ ఎక్కడ ఒగ్గీమంటావు మావా, సెప్పు!"

వదిన చుట్ట ఆరిపోయిందని అగ్గిపెట్టె వెతుక్కుంటోంది.

దారిలో ఆటో కుదిపింది. చెవికి దెబ్బ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టబోయాను. నన్ను చూసి గుర్రుమంది. నన్ను! ఆ చెవి నా చేతిలో పెట్టి నిద్రపోయే కుక్క నన్నూ వాళ్లలో కలిపేసింది. ఆస్పత్రి వచ్చేదాకా దాన్ని ముట్టుకోలేదు, ఏడుస్తూ కూర్చున్నాను.

పుండు తగ్గింది. ఇప్పటికీ నా చేతిలో దూది కనబడితే లేచి మంచం కిందికి పోతుంది. వదిన వచ్చినప్పుడల్లా వాళ్లిద్దరూ దాన్ని చూసి నవ్వుతారు. నేను వాళ్లని క్షమించలేదు.