తొట్టెలలో పొత్రం

ఆ రోజుల్లో పిల్లలకు సామానంటే తొట్టెల, మూడు చక్రాల నడక బండి, అవి లేకపోతే నాయిన భుజం. ఇప్పుడు పసిగుడ్డు మంచం అమ్మే దుకాణానికి ఏసీ! పెట్టుకోండి, నాకేం? (నాకు చాలానే ఉంది, అందుకే రాస్తున్నాను.)

తొంభైల్లో, మేడ్చల్‌లో, మా మొదటి పిల్ల నెల తిరక్కుండానే నిద్రలో పోయింది. తెల్లారి ఎత్తుకుంటే చేతులకు చల్లగా తగిలింది. తర్వాత కొడుకు పుట్టాడు. నా ఇల్లాలు వాణ్ని ఒళ్లోంచి దించదు, కన్ను మూయదు. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూ కూర్చునేది. ఇట్లాగే ఉంటే ఈమె కూడా దక్కదని నాకు దిగులు పట్టుకుంది. బడి మానేసినా పాత పత్రికలన్నీ నమిలిన మేధావిని కదా, ఒక బొమ్మ చూసి చుట్టూ కటకటాలున్న మంచం నేనే చేశాను. వేళ్లన్నీ గాయాలే. అది చూసి ఇల్లాలు, "ఏం తప్పు జేసిండని నా కొడుకును జైల్ల ఏస్తున్నవ్?" అంది.

ఆమెకు కావలసింది శామీర్‌పేటలో తల్లిగారింటి అటక మీది పాత తొట్టెల. అందులో ఊగిన పిల్లలంతా బతికారట. "కట్టెకేం తెలుసే!" అని అరిచాను. అరుస్తూనే బయల్దేరాను. అక్కడ అత్త దాన్ని ఖాళీగా గడప దాటనివ్వలేదు. "ఉత్త తొట్టెల మోస్తరా అయ్యా? మంచిది గాదు," అని మసాలా నూరే పొత్రాన్ని పాత చీరలో చుట్టి అందులో పడుకోబెట్టింది.

బస్సులో ఒక ముసలవ్వ జరిగి చోటిచ్చింది. "సప్పుడు జేస్తలేదేంది బిడ్డా?" అంటూ చీరలో చెయ్యి పెట్టింది. "అయ్యో, సల్లగున్నది! ఓ కండక్టరూ, బండాపు!"

బస్సు ఆగింది. అది రాయని నాకు తెలుసు. అయినా తొట్టెలను దగ్గరికి లాక్కున్నాను. కండక్టరే చీర తీసి చూశాడు. "రాయే అవ్వా! రాయికి టికెట్ కొట్టాల్నా?" బస్సంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. నా మొహం చూసి, "ముందుది దక్కలేదా కొడుకా?" అని మెల్లగా అడిగి, పొత్రానికి మళ్లీ చీర కప్పింది. మేడ్చల్ దాకా దాని మీద చెయ్యి తియ్యలేదు.

ఆ మధ్యాహ్నం కొడుకు తొట్టెలలో నిద్రపోయాడు. వాళ్లమ్మ తాడు పట్టుకునే నేల మీద ఒరిగి, పొద్దుగూకేదాకా లేవలేదు. కాపలాకు, ముక్కు దగ్గర వేలుకు నేను మిగిలాను. నా మంచంలో కోడిపిల్లలు పెరిగాయి.

మొన్న ఆ కొడుకే తన బిడ్డకు కటకటాల మంచం కొనుక్కొచ్చాడు. అచ్చం నాదే! ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటుంటే నేను ఇల్లెగిరిపోయేట్టు అరిచాను. అందరూ అటు వెళ్లాక వంటింట్లోంచి పొత్రం తెచ్చి ఆ పరుపు మీద పెట్టాను.

"గిదేంది మామా?" అంది కోడలు, గుమ్మంలోంచి.

"మంచం గట్టిగున్నదా అని చూస్తున్న," అన్నాను, దానికి దుప్పటి కప్పుతూ.