పసుపు పట్టిన గిటారు

ఆ రోజుల్లో మా ఆర్మూరులో అసలు, నకలు అనే తేడా ఒక్క పసుపు విషయంలోనే ఉండేది. పసుపు కొమ్మును పైమెరుగు చూసి ఎవరూ కొనరు. చేతిలోకి తీసుకుని పుటుక్కున విరిచి చూస్తారు. ఠంగుమని మోగితే సరిగ్గా ఉడికి ఎండినట్టు. ఆ తర్వాత లోపలి రంగు, ఆ పైన వాసన. మా బాపు అయితే ఎదుటివాడు విరిచేలోపే ఆ చప్పుడుకు చెవి ఒగ్గేవాడు. ఇంత జాగ్రత్త ఉన్న మనుషులే దుబాయి నుంచి వచ్చిన వస్తువు ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. టేపురికార్డరు కానీ, టార్చిలైటు కానీ, సెంటుసీసా కానీ, 'ఫారిన్‌ది' అంటే చాలు, ఇక ప్రశ్న లేదు. ఫారిన్ అనేది ఒకే దేశమనీ, అది దుబాయికి కాస్త అవతల ఉంటుందనీ మా వాడకట్టులో చాలామంది నమ్మకం. (నాది కూడా. అప్పటికి నేను నిజామాబాదులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను.)

నాకు అప్పట్లో ఒకటే యావ. మా ఊరి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించాలి. ఆర్కెస్ట్రా యజమానిని అందరూ కాంగో మామ అనేవాళ్లు. పగలు సైకిళ్లు బాగుచేసేవాడు, వినాయక నవరాత్రులు వస్తే కాంగో డ్రమ్ముల మీద ప్రపంచాన్ని బాగుచేసేవాడు. ఆ ఆర్కెస్ట్రాలో నాకు అప్పగించిన వాయిద్యం గిలక్కాయ. పసిపిల్లల గిలక్కాయకన్నా కొంచెం పెద్దది, అంతే. కాలేజీ హాస్టల్లో ఒక దోస్తు దగ్గర మామూలు గిటారు మీద నాలుగు పాటలు నేర్చుకున్నానని మామకు ఎన్నిసార్లు చెప్పినా, "కరెంటు గిటారు ఉన్నదా నీకు? లేదు గద! అయితే గిలక్కాయ ఊపు" అనేవాడు. ఊపేవాణ్ణి. మా అక్క స్టేజీ ముందు కూర్చుని, ఇంటికి వచ్చాక "తమ్మీ, మస్తు ఊపినవ్‌రా" అని మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలు నాకు తేలు కుట్టినట్టుండేది.

మా బావది జక్రాన్‌పల్లి. దుబాయిలో నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. అప్పట్లో ఉత్తరాలకన్నా క్యాసెట్లే ఎక్కువ నడిచేవి. అక్క ఒక క్యాసెట్టు నిండా ఇంటి ముచ్చట్లన్నీ మాట్లాడి పంపితే, బావ ఇంకో క్యాసెట్టులో బదులు మాట్లాడి పంపేవాడు. ఒకసారి అక్క మాటలు అయిపోయాక చివర్లో కొంచెం టేపు మిగిలింది. అందులో దూరి గబగబా చెప్పాను: "బావా, నాకు ఎలక్ట్రిక్ గిటారు గావాలె. అమెరికాది. దాని తల మీద కంపెనీ పేరు ఉంటది, జర సూసి తే." పేరు కూడా చెప్పాను. (అదేమిటో ఇక్కడ రాయను. నా మూలంగా ఆ కంపెనీకి ఆర్మూరులో అయిన పరువునష్టం చాలు.)

సరిగ్గా మా ఇంట్లో పసుపు పాలిష్ చేసే రోజుల్లో బావ సెలవు మీద దిగాడు, గిటారుతో సహా. అంచుల్లో నలుపు, మధ్యకు వచ్చేసరికి ఎరుపు, తేనెరంగు. ముందు భాగాన తెల్లటి ప్లాస్టిక్ పలక, శబ్దం పెంచి తగ్గించే తెల్లటి బిరడాలు. తల మీద బంగారు అక్షరాల్లో నేను చెప్పిన పేరే! బావ నా మొహంలోకి చూస్తూ, "సూడు బామ్మర్దీ, అమెరికాదే" అన్నాడు. బాపు దగ్గరికి వచ్చి దాన్ని రెండు చేతుల్లో తూచాడు, వాసన చూశాడు, వేలితో కొట్టి విన్నాడు. "పైకి మంచిగనే ఉన్నది. లోపటెట్లున్నదో ఎట్ల తెలుస్తది? విరిచి సూస్తెగద!" అన్నాడు. నేను గిటారును గుండెకు హత్తుకుని గోడవారకు జరిగాను. ఆ రోజునుంచి బాపు చేతిలో ఏ బరువైన వస్తువు కనిపించినా నేను గిటారు ఎక్కడుందో చూసుకునేవాణ్ణి.

ఇంట్లో దానికి చోటు దొరకలేదు. చివరికి పసుపు కొట్లో, బస్తాల పైన ఒక మేకుకు వేలాడదీశాను. ఆ ఏడు ధర నచ్చక బాపు సరుకు అమ్మలేదు. అందుకని వానాకాలమంతా పసుపూ గిటారూ ఒకే కప్పు కింద కాపురం చేశాయి. పొద్దంతా నేను పాలిష్ డ్రమ్ము తిప్పేవాణ్ణి. పసుపు కొమ్ములు అందులో ఒకదానితో ఒకటి రాసుకుని మెరుగెక్కుతుంటే దుమ్ము లేచి కనురెప్పలదాకా పట్టేది. ఆ చేతులు కడిగీ కడగకుండా, కొబ్బరినూనె రాసుకుని, ఆత్రంగా గిటారు అందుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి తెల్ల పలక మీగడరంగుకు వచ్చింది, ఇంకో నెలకు ముదిరిన నెయ్యిరంగు. బిరడాలు తిప్పితే కరకరమనేవి. తీగలు గట్టిగా నొక్కితే వేళ్లు కోసుకునేవి, పై స్వరాలకు పోతే శ్రుతి ఎటో పోయేది. అన్నీ నా తప్పే అనుకున్నాను. అమెరికా వస్తువును తప్పు పట్టేంత ధైర్యం నాకెక్కడిది?

ఆ ఏడు నవరాత్రులకు కాంగో మామ సికింద్రాబాదు నుంచి ఒక పేరున్న గిటారు కళాకారుణ్ణి పిలిపించాడు. మేమంతా ఆయన్ని సికింద్రాబాద్ అన్న అనేవాళ్లం. మామ నాకు ముందే చెప్పాడు: "గా అన్న నీ గిటారు సూస్తడు. అసలుదంటె నువ్వు ఆయన పక్కన నిలబడి వాయించు. డూప్లికేటంటె మాత్రం నా స్టేజీ ఎక్కేది లేదు, ఊరందరి ముందు ఇజ్జత్ పోతది. మల్ల గిలక్కాయే." ఇక నాకు నిద్ర పట్టలేదు. నా భయం నా గురించి సగమే. మిగతా సగం బావ గురించి. కొత్త వీసా కోసం ఎదురుచూస్తూ ఆయన పండుగ దాకా ఉండిపోయాడు. ఎడారిలో ట్యాంకరు నడిపి తెచ్చిన వస్తువు నకిలీదని పదిమందిలో తేలితే, ఆ మనిషి మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?

రిహార్సల్ మా ఇంట్లోనే, పసుపు కొట్టు ముందున్న పడసాలలో. అన్న వచ్చాడు. తెల్లని లాల్చీ, వెనక్కి దువ్విన జుట్టు, చేతిలో తన గిటారు పెట్టె. నేను మేకు మీదనుంచి నా గిటారు దించి తెచ్చాను. చూడగానే ఆయన నడుస్తున్నవాడు ఆగిపోయాడు. "తమ్మీ, ముట్టుకోవచ్చునా?" అని అడిగాడు. అంత పెద్ద మనిషి నన్ను అడిగిన తీరు ఇప్పటికీ మరచిపోలేను. చేతులు లాల్చీకి తుడుచుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

"ఈ ప్లాస్టిక్ సూడున్రి. కొత్తల తెల్లగుంటది. గీ రంగు రావాలంటె ఇరవై, ముప్పై ఏండ్లు వట్టాలె. నకలు చేసేటోడు అన్నీ చెయ్యొచ్చుగని వయసు ఏడికెల్లి తెస్తడు? ఒట్టేసి జెప్తున్న, గిది పాత కాలపు అసలు సరుకు!" అన్నాడు. కాంగో మామ నా భుజం చరిచాడు. నేను బావ వైపు చూశాను. ఆయన గర్వంతో ఉబ్బిపోతాడనుకుంటే, ఎందుకో తల దించుకుని కాలి బొటనవేలితో నేల రాస్తున్నాడు. పొగిడితే సిగ్గు కాబోలు అనుకున్నాను.

అన్న వాయించడం మొదలుపెట్టాడు. చెమటలు కారుతున్నా వదలడు. చివరికి ఆగి, మొహమాటపడుతూ, "తమ్మీ, నాది జపాన్‌ది, చేతికి మస్తు హాయిగుంటది. అది నువ్వు తీస్కొని గిది నాకిస్తవా?" అన్నాడు. పెట్టె తెరిచి చూపించాడు. నేను అలా ఒక వేలు పెట్టానో లేదో, అది ఎంత మెత్తగా పలికిందని! ఒక్క 'సరే' అంటే ఆ గిటారు నాది, స్టేజీ నాది, బావ పరువు బావది. నా జన్మలో నోరు మూసుకోవడం అంత లాభంగా ఎప్పుడూ కనిపించలేదు. కానీ ఆయన ఎదుట నిలబడి ఆ 'సరే' అనలేకపోయాను.

అంతలో అక్క చాయలు తెచ్చింది. అదే క్షణాన అన్న నుదుటి చెమట అరచేత్తో తుడుచుకున్నాడు. నుదుటి మీద ఈ చివరనుంచి ఆ చివరకు ఇంత మందాన పసుపు చార! లాల్చీ ముందు భాగం అప్పటికే పచ్చగా తయారైంది. అక్క చాయల పళ్లెం కింద పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది. "అయ్యో, ఏమనుకోకున్రి అన్నా. పెండ్లికొడుకుకు నలుగు వెట్టినట్లున్నది" అంది. అందరూ నవ్వారు. అన్నకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఆయన అలా అమాయకంగా చూస్తుంటే నేనిక ఆగలేకపోయాను.

"అన్నా, గది వయసు గాదు. పసుపు" అన్నాను. గిటారు పలక మీద వేలు రాసి చూపించాను.

ఆయన నా వేలు చూశాడు, తన అరచేయి చూసుకున్నాడు, వాసన చూశాడు. తర్వాత స్క్రూడ్రైవరు అడిగాడు. మెడ చివర ఇనుప పలకకున్న మరలు విప్పి, గిటారును రెండు ముక్కలు చేసి, పడసాల వెలుతురులో పెట్టాడు. (బాపు సంతోషం చెప్పనలవి కాదు. "గిప్పుడు! నేను మొదటి నుంచి జెప్తున్న, విరిచి సూడున్రని!" అంటూ ముందుకు వచ్చాడు.) అన్న ఒక్కొక్కటే చూపించాడు. మెడ దిగే గుంటలో రంగు లేనిచోట చెక్క పొరలు పొరలుగా ఉంది, అంటే ప్లైవుడ్డు. ఇనుప పలక మీద, అసలుదానికి ఉండాల్సిన నంబరు లేదు. తల మీది బంగారు పేరు మెరుగు కింద కాదు, మెరుగు పైన అంటించి ఉంది, గోరు తగిలితే లేస్తుంది. మెడ వెనక చిన్న చదరంలో ఏదో కాగితం గీకేసిన గుర్తు. "గీడ 'మేడ్ ఇన్ కొరియా' అని ఉండాలె. ఎవరో గీకిన్రు" అన్నాడు.

అందరి చూపులూ బావ మీదికి పోయాయి. అక్క మొహం చిన్నబోయింది. నేను నేలలోకి దిగిపోదామని చూస్తున్నాను.

"నేనే గీకిన" అన్నాడు బావ. "దుకాణపాయన పాపం నిజమే జెప్పిండు, కొరియాదని. అసలుది గూడ సూపిచ్చిండు. నాతోని అయ్యేదిగాదు. గా పేరు స్టిక్కరు వేరేగ దొరికితె అంటిచ్చిన. బామ్మర్ది క్యాసెట్ల అడిగిన తీరు నా చెవులనే ఉండె. నేనేం జెయ్యాలె?"

అన్న మెడ ముక్కను కంటి దగ్గర పెట్టుకుని, బాణం వంకర చూసేవాడిలా చూశాడు. "గీ ముక్క ఎవరు ఏరిన్రు?" అని అడిగాడు.

"నాకు వాయించరాదన్నా. దుకాణంల గోడ పొడుగూత గసొంటివే ఉండె. ఒక్కొక్కటి కొట్టి సూసిన, మన పసుపు కొమ్ముల లెక్క. గిది ఎక్కువసేపు మోగింది. గంతే."

అన్న చాలాసేపు నవ్వాడు. "నకళ్లన్ని ఒక్క తీరుగ ఉండయి. ఒకే రోజు, ఒకే కార్ఖానల చేసినయే, ఒకటి కట్టె, ఒకటి వాయిద్యం. గీ మెడ సీదాగున్నది, గంట లెక్క మోగుతది. పేరొక్కటే అబద్ధం, తమ్మీ. ఇంకొకటి జెప్పాల్నా? నా జపాన్‌ది గూడ నకలే. అసలుది ఒక్కసారన్న చేతుల వట్టాలని నాకు ఎన్నేండ్ల సంది ఉన్నదో. గందుకే పసుపును సూసి వయసనుకున్న" అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఆయన మా పడసాలలో కూర్చుని, వేళ్లు కోస్తున్న, మెడ మీది లోహపు మెట్ల అంచులను సన్నటి ఆకురాయితో నునుపు చేశాడు. తీగలు ఆనే చోట మరలు తిప్పి శ్రుతి సరిచేశాడు. బిరడాలలోని పసుపు ఊది పారేశాడు. సాయంత్రం స్టేజీ దగ్గర కాంగో మామ గిలక్కాయ పట్టుకుని నాకోసం చూస్తున్నాడు. అన్న తన జపాను గిటారు తీసి నా మెడలో వేశాడు, నా కొరియా గిటారు తాను తగిలించుకున్నాడు. "డూప్లికేటు నా స్టేజీ ఎక్కదని జెప్పిన గదనే!" అని మామ మొత్తుకున్నాడు. "అయితె నేను దిగాల్నా?" అన్నాడు అన్న. మామ గిలక్కాయను తానే ఊపుకున్నాడు. అన్న చేతుల్లో నా గిటారు పాడుతుంటే, జనంలో బావ మెడ నిటారుగా పెట్టి అక్కకు ఏదో చెబుతున్నాడు. నేను రెండుచోట్ల తప్పు వాయించాను. బావ మీదినుంచి చూపు తిప్పుకోలేక.

బావకు గానీ, అన్నకు గానీ నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పుకున్నది లేదు. బావల దగ్గర అలాంటి మాటలు మాట్లాడే అలవాటు మా ఇళ్లల్లో లేదు. ఆ తర్వాత నాకు నౌకరీ వచ్చింది, ఆర్కెస్ట్రా పోయింది. అయినా ఇప్పటికీ పిల్లలు ఫోన్లలో బేరం చేసి తెప్పించుకున్న గిటార్లు పట్టుకుని, "అంకుల్, గిది అసలా, నకలా?" అని నా దగ్గరికి వస్తుంటారు. మరలు విప్పి చూస్తాను, పొరలు చూపిస్తాను, మెడ చూస్తాను, చివరికి వేలితో కొట్టి వింటాను. పేరు నకలైనా మోగితే ఉంచుకోమంటాను. ఎవరు తెచ్చిచ్చారని కూడా అడుగుతాను, అది వాళ్లకు చాదస్తంగా తోస్తుంది.

ఆ రాత్రి పాటలయ్యాక అన్న తిరిగిచ్చిన నా గిటారు ఇప్పుడు మా ముందుగదిలో కిటికీ పక్కన ఉంది. పసుపు మరక ఎండకు నిలవదు కదా, కొన్నేళ్లకే వెలిసిపోయి పలక మళ్లీ తెల్లబడింది. నాకు అప్పట్లో కాస్త బాధ కూడా వేసింది. మొన్న బావ వచ్చాడు. దుబాయి మానేసి చాలా ఏళ్లయింది, మోకాళ్ల నొప్పి, కళ్లద్దాలు. కుర్చీలో కూర్చుని గిటారు వైపు చాలాసేపు చూసి, "ఏం బామ్మర్దీ, మల్ల దీన్ని పసుపు కొట్ల వెట్టినవా?" అని అడిగాడు.

కళ్లద్దాలు సవరించుకుని నేనూ చూశాను. నిజమే, పలక మీగడరంగు దాటి నెయ్యిరంగుకు వచ్చింది. వేలు రాసి ఆయన ముందు పెట్టాను. వేలికి ఏమీ అంటలేదు.

"లేదు బావా, గిది పసుపు గాదు. వయసు" అన్నాను.